కిరీటం దించిన లారీ

మా వెనక వీధి లారీ డ్రైవర్ని అందరూ కిరీటం అంటారు. అసలు పేరు ఆయన లైసెన్సు మీద ఉంది, అక్కడే ఉండనిద్దాం. ఆయన నెత్తిమీద కిరీటం మాట దేవుడెరుగు, జుట్టే అంతంతమాత్రం. కిరీటం ఉన్నది లారీకి. క్యాబిన్ పైన, ముందు అద్దానికి సరిగ్గా మీదుగా, మోకాలెత్తు చెక్క నిలబెట్టి ఉంటుంది. దానిమీద రెండు పక్షులు ముక్కుకి ముక్కు ఆనించుకుని ఉంటాయి. వాటి చుట్టూ తీగలు, తీగల మధ్య బొటనవేలు దూరేంత బొక్కలు. ఒకప్పుడు పసుపూ ఎరుపూ రంగులుండేవట. ఎండకీ వానకీ వెలిసి ఎండుటాకు రంగుకి తిరిగింది. దాన్ని చెక్కింది ఆయన బావ, అంటే సొంత అక్క భర్త. వడ్రంగి. లారీ కొన్న ఏడాది ఆర్నెల్లు కూర్చుని చెక్కాడట.

లారీ వయసు ఇరవై ఏడు. చదరపు మొహం. ఎవరో బీరువాకి చక్రాలు పెట్టి తోలుకొచ్చినట్టుంటుంది. అరవై దాటిస్తే జ్వరమొచ్చినట్టు ఒణుకుతుంది, అందుకని ఆయన దాటించడు. కానీ నలభై దాటిందా, కిరీటంలో బొక్కల్లోంచి గాలి దూరి కూత మొదలవుతుంది. ఖాళీ సీసా మూతి దగ్గర పెదాలు పెట్టి ఊదితే వస్తుందే, అలాంటిది ఒకటి. దాని పక్కనే సన్నగా ఇంకోటి. రెండూ కలిస్తే ఎవరో పెద్దావిడ ఇంట్లో పని చేసుకుంటూ తనలో తాను కూనిరాగం తీస్తున్నట్టుంటుంది. మధ్యాహ్నం కునుకు తీస్తూ నేనెన్నిసార్లు ఆ కూత వినలేదు! బైపాస్ రోడ్డు మీద లారీ వెళ్ళిపోతుంది, కూత మాత్రం నా కలలో కాసేపు ఆగుతుంది.

ఆయన పని వారానికి రెండుసార్లు పళ్ళరసం కంపెనీ ఖాళీ సీసాలు కొండమీద ఫ్యాక్టరీకి తీసుకెళ్ళడం, నింపిన సీసాలు కిందకి తేవడం. వెళ్ళడం నూట అరవై, రావడం నూట అరవై. నూట ఇరవై దాకా చదును నేల, తర్వాత నలభై కొండ. ఆ కొండదారిలో ఒక మలుపు దగ్గర ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి ఎదురుగా, రోడ్డుకి పైన, డెబ్భై రెండు మెట్లెక్కితే ఒక చిన్న ఇల్లు. అందులో ఉంటుంది వాళ్ళక్క. ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తుంది. తల్లి పోయినప్పుడు మన కిరీటానికి మూడేళ్ళు, అక్కకి పధ్నాలుగు. అక్క చంకనేసుకుని పెంచిన మనిషి ఆయన. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా అక్క మాటెత్తితే మొహం చిన్నపిల్లాడి మొహమైపోతుంది.

ఆ ఇద్దరూ కలుసుకునే పద్ధతి వింటే మీరు నవ్వుతారు. కంపెనీ వాళ్ళు లోడు ఎక్కించాక, పై ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎన్ని గంటలకి ఉండాలో చీటీ రాసిస్తారు. ఆ టైము రోజుకో రకం. దారిలో ఆయనకి మిగిలేది పది నిమిషాలు. మెట్లెక్కి దిగడానికే చాలవు. అక్క ముందే కిందకి దిగి ఉండాలి. ఎప్పుడొస్తాడో ఆవిడకెలా తెలుస్తుంది? ఆ లోయలో ఫోను సిగ్నల్ అందదు. ఆసుపత్రి ముందు హారన్ కొట్టకూడదని నిలువెత్తు బోర్డుంది. కానీ మూడు మలుపుల ముందు, లోయకి అవతల, ఒక మైలు తిన్నటి రోడ్డుంది. అక్కడ లోయగాలి ఎదురు కొడుతుంది. ఈయన యాభైకి లాగుతాడు. కిరీటం కూస్తుంది. ఆ కూత లోయ దాటి అక్క ఇస్త్రీబల్ల దగ్గరికి వెళుతుంది. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి, ఫ్లాస్కులో టీ పోసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగుతుంది. లారీ మూడు మలుపులూ తిరిగి వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. ఆవిడ ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉంటుంది. పది నిమిషాలు టీ తాగుతూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. అంతే. దిగేటప్పుడు లారీలకి వేరే దారి. బస్సెక్కి వెళ్ళొచ్చు కదా అని అడిగాను ఒకసారి.

"బస్సెక్కితే వాంతులండీ" అన్నాడు, సిగ్గుపడుతూ. "స్టీరింగు నా చేతిలో లేకపోతే కళ్ళు తిరుగుతాయి."

బావ పోయి తొమ్మిదేళ్ళు. ఆ రోజు ఎక్కాడు ఆ మెట్లు. మళ్ళీ ఎక్కలేదు.

ఇలా సాగుతుండగా కంపెనీ ఒక కబురు పెట్టింది. వచ్చే సీజను నుంచి కొండదారికి పాత లారీలు పెట్టరట. లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లు ఇచ్చే బండైతేనే ఉంచుతారట. మూడు వారాల్లో పరీక్ష. సూపర్వైజరు పక్కన కూర్చుని వస్తాడు. మన బీరువా ఇచ్చేది మూడు పాయింట్ తొమ్మిది. కంపెనీలో ఇంకో పని ఇస్తామన్నారు, ఊళ్ళో గోడౌన్ల మధ్య తిప్పడం. అది తేలిక పనే. కానీ ఆ దారిలో అక్క లేదు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆవిడ స్కూలు బ్యాగులు కుడుతుంది, నా దగ్గరే నాలుగో తరగతి చదివింది. గొంతు చిన్నప్పట్నుంచీ అంతే, గంట కొట్టక్కర్లేదు.

"టీచరుగారండీ, లారీని సన్నగా చెయ్యొచ్చా?" అన్నాడాయన గుమ్మంలోనే.

"లారీ సంగతి తర్వాత. ముందు నువ్వు సన్నబడితే సరిపోతుందేమో చూడు."

"ఆయన సన్నబడాలంటే సీజన్లు మారాలి టీచరుగారూ, మనకున్నది మూడు వారాలే" అంది ఆవిడ. "చిన్నప్పుడు మీరు మమ్మల్ని గొడుగులు పట్టుకుని పరిగెత్తించలేదూ? ఒకసారి మూసి, ఒకసారి తెరిచి. తెరిచిన గొడుగుతో పరిగెత్తి బోర్లా పడ్డాను. ఇదిగో మచ్చ."

నాకు గుర్తొచ్చింది. గాలి పాఠం. ముప్ఫై ఏళ్ళు చెప్పాను ఆ పాఠం, గుర్తుంచుకున్నది ఈ మచ్చ ఒక్కటేనేమో. ముగ్గురం లేచి వెళ్ళి లారీ ముందు నిలబడ్డాం. గొడుగు మాట చెవిలో పడ్డాక ఇంక ఆ లారీ లారీలా కనబడితే ఒట్టు! క్యాబిన్ కంటే పైకి లేచిన తొట్టి ముందుగోడ, క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య మనిషి పట్టే సందు, పైన ఉబ్బి తపతపలాడే టార్పాలిన్, కింద పక్కలంతా ఖాళీ. అన్నీ తెరిచిన గొడుగులే.

"ట్రిప్పుకి మూడొందల ఇరవై కిలోమీటర్లు గొడుగు తెరుచుకుని పరిగెత్తిస్తున్నావయ్యా దీన్ని" అన్నాను. "నీ డీజిల్ సగం గాలిని తొయ్యడానికే పోతోంది."

"పాపం" అన్నాడు లారీ బుగ్గ నిమురుతూ. "నాకు చెప్పలేదండీ ఇది."

గాలి ఎక్కడ చుట్టుకుంటోందో కంటికి కనపడాలి కదా. నా దగ్గర స్వెట్టర్లు అల్లగా మిగిలిన ఊలు ఒక పెట్టెడుంది. ఎర్రవీ, పసుపువీ జానెడు జానెడు ముక్కలు కత్తిరించి, లారీ ఒంటినిండా టేపుతో అంటించాం. మూడొందల పన్నెండు పోగులు. వీధి వీధంతా పనులు మానుకుని చూసింది. టీ కొట్టాయన అయితే గ్లాసు పట్టుకుని రోడ్డు మీదకే వచ్చేశాడు.

"ఏంటి కిరీటం, లారీకి చలేస్తోందా?"

"మరే. నీకు టోపీ కూడా అల్లిస్తారట, కొలత ఇచ్చిపో" అంది కుట్టుమిషనావిడ.

మర్నాడు తెల్లవారగానే పాత బైపాస్ మీదకి వెళ్ళాం. లారీ ఆయన నడుపుతాడు. ఆవిడ మోపెడ్ నడుపుతుంది, వెనక నేను. లారీకి సమానంగా పోతూ పోగులు చూడాలి. అరవై అయిదేళ్ళ వయసులో మోపెడ్ వెనక కూర్చుని నేను చేసిన గోల సంగతి రాయను. కానీ చూసింది రాయకుండా ఉండలేను. మంచు ఇంకా పొలాల మీదే ఉంది. రోడ్డు మీద మనుషుల్లేరు. లారీ వేగం పుంజుకునే కొద్దీ ఆ పోగులన్నీ ఒక్కొక్కటే లేచాయి. తలుపు దగ్గరవి దువ్విన జుట్టులా వెనక్కి పడుకున్నాయి. తొట్టి ముందు మూలల దగ్గరవి గింగిరాలు తిరిగాయి. టార్పాలిన్ మీదవి అలల మీద గడ్డిపరకల్లా మునిగి తేలాయి. గాలి అంటే ఇన్నేళ్ళు పిల్లలకి 'కంటికి కనపడనిది' అని చెప్పాను. ఆ పూట అది ఎర్రగా, పసుపుగా, నా పక్కనే పరిగెత్తింది.

"టీచరుగారూ! చూస్తున్నారా, నిద్రపోతున్నారా?" అని అరిచింది ఆవిడ.

"రెండూనే!" అని అరిచాను.

ఆ తర్వాత పని మొదలైంది. ముందు టైర్లలో గాలి సరిచూశాం, రెండు టైర్లు సగం ఆకలితో ఉన్నాయి. టార్పాలిన్ విప్పి ఆవిడ కొత్తగా కుట్టింది, కొలతకి రవికలా పట్టేటట్టు. తాళ్ళు బిగిస్తే ఎక్కడా ఉబ్బదు. దాంతో నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. తర్వాత రేకుల పనాయన్ని పిలిచాం. ఆయన ప్లాస్టిక్ పీపా ఒకటి నిలువునా కోసి, ఆ గుండ్రటి బద్దల్ని తొట్టి ముందు మూలలకి రెండు పక్కలా బిగించాడు. చదరపు మూలలు బుగ్గల్లా తిరిగాయి. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందుకి రెండువైపులా టార్పాలిన్ తెరలొచ్చాయి. చక్రాల మధ్య పక్క ఖాళీలకి కిందిదాకా తెర కావాలన్నాను.

"అంటే లంగా" అంది ఆవిడ. "ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాక లారీకి లంగా కుట్టే యోగం పట్టింది. కుచ్చులు పెట్టనా?"

"కుచ్చుల్లో గాలి దూరుతుందే" అన్నాడాయన, చాలా సీరియస్‌గా.

నాలుగు పాయింట్ మూడు. ఇంకో ట్రిప్పు, మళ్ళీ నాలుగు పాయింట్ మూడు. పరీక్ష అయిదు రోజుల్లోకి వచ్చింది. మళ్ళీ పోగులంటించాం, మళ్ళీ మోపెడ్. ఈసారి పోగులన్నీ బుద్ధిగా పడుకున్నాయి. ఒక్క చోట తప్ప. క్యాబిన్ పైన, పక్షుల వెనక, పోగులు పిచ్చెత్తినట్టు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటున్నాయి. కొన్ని తెగి ఎగిరిపోయాయి కూడా. ఆవిడ మోపెడ్ నిదానించింది. మా ఇద్దరికీ అర్థమైంది. లారీ దిగొచ్చాక ఆయనకి ఎవరు చెప్పాలా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఆయనకి ముందే తెలుసు. "కిరీటం కాకుండా ఇంకేమైనా తియ్యొచ్చేమో చూద్దామండీ" అన్నాడు.

ఆ రెండు రోజులూ ఆయన లారీలోంచి తియ్యని వస్తువు లేదు. పాత గొలుసులు, పగిలిన జాకీ, సీటు కింద చిల్లుల బకెట్టు, చివరికి తన చెప్పులు. ఒక ఉదయం క్షవరం చేయించుకుని వచ్చి నిలబడ్డాడు.

"అది కూడా బరువేనంటావా?" అన్నాను.

"అయినకాడికండీ" అన్నాడు. నవ్వలేదు. క్యాబిన్ పైకి చూస్తూ, "అదుంటే అక్కకి తెలుస్తుంది. తీస్తే ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు.

"ఉంచితే అసలు ఆ దారే ఉండదు కదయ్యా" అంది పెళ్ళాం. ఆవిడ మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

తెల్లారి ఆయనే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. పదహారు బోల్టులు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. కిరీటం లేచాక దాని అడుగున క్యాబిన్ రేకు మీద ఎండ ఎరగని పసుపు రంగు ఒక బద్దలా మెరిసింది. చెక్క అడుగున బావ పెన్సిల్ రాత ఇంకా ఉంది. ఒక బాణం గుర్తు, దాని పక్కన 'ఎడమ వైపు, తొందరపడకు' అని. ఆయన దాన్ని చాలాసేపు చదివాడు, మూడే మాటలైనా. ఆ చోట రేకులాయన ఏటవాలుగా ఒక రేకు నుదురు బిగించాడు. గాలి క్యాబిన్ ఎక్కి, నుదురు ఎక్కి, టార్పాలిన్ మీదుగా జారిపోవాలి. లారీని చూస్తే తలంటుకుని వెనక్కి దువ్వుకున్న మనిషిలా ఉంది. కూత లేదు. బైపాస్ మీద పోతుంటే టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం నాకు కునుకు పట్టలేదు.

పరీక్ష రోజు సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి వీధి మొదట్లోనే ఆవిడా, నేనూ కాపలా ఉన్నాం. లారీ ఆపి దిగాడు. మొహంలో ఏమీ లేదు.

"ఎంతొచ్చింది?" అంది ఆవిడ.

"నాలుగు పాయింట్ ఆరు."

ఆవిడ నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది. టీ కొట్టాయన కూడా చప్పట్లు కొట్టాడు. ఈయన మాత్రం బంపరు మీద కూలబడ్డాడు.

"అక్క రాలేదు" అన్నాడు. "ఆగాను. సూపర్వైజరుగారు టైము చూసుకుంటున్నారు. ఎవరూ దిగట్లా. పరిగెత్తుకెళ్దామా అనుకున్నా, మళ్ళీ టైముంటుందో ఉండదోనని. పది నిమిషాలూ అయిపోయి ఇంజన్ స్టార్ట్ చేశాను. అప్పుడు కనపడింది, సగం మెట్ల మీద. ఎవరో చెప్పినట్టున్నారు. ఒక చేతిలో కోటు అలాగే ఉంది. చెయ్యెత్తింది. నేనూ చెయ్యెత్తాను. మలుపు తిరిగిపోయింది."

చివరికి ఆవిడే అంది, "ఇంత చేసి, వదిన్ని చూడకుండా పోయే లారీని తయారుచేశామన్నమాట."

నాకు మనసు ఊరుకోలేదు. బడిలో లెక్క తప్పితే మొదటి మెట్టు నుంచి మళ్ళీ చేయించడం నా అలవాటు. "పొద్దున్నుంచీ వరసగా చెప్పు" అన్నాను. "ఎన్నింటికి బయల్దేరావు? ఎక్కడెక్కడ ఆగావు?"

"ఆగిందెక్కడండీ? అక్క దగ్గర ఒక్క చోటే."

"కొండ కింద బంకు దగ్గర?"

"ఎందుకాగుతానండీ? ట్యాంకు సరిపోయింది కదా. డెబ్భై లీటర్లలోపే అయిపోయింది. ఇదివరకైతే ఎనభై దాటేది, మన ట్యాంకు పట్టేది డెబ్భై అయిదు. అందుకని ఎక్కేటప్పుడే అక్కడ పోయించుకునేవాణ్ణి."

"పోయించుకోవడానికి ఎంతసేపు పట్టేది?"

"లారీలన్నీ అక్కడే వరసకట్టి ఉంటాయండీ. అరగంట."

"మరి ఇవాళ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ఎప్పుడు చేరావు?"

"చీటీలో టైము కంటే అరగంట ముందే..." అన్నాడు. అని ఆగాడు.

"ఆ అరగంటా ఏం చేశావయ్యా?" అంది పెళ్ళాం, గొంతు మళ్ళీ పాత స్థాయికి తెచ్చుకుని.

"ఏం చేస్తానే, గేటు తీసేదాకా కూర్చున్నా. సూపర్వైజరుగారు నిద్రపోయారు."

ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు నేను రాయను. గేటు దగ్గర అరగంట కాపలా కాసి, కింద అక్కని పది నిమిషాలకే వదిలేసి వచ్చిన మనిషిని ఏమనాలో అవన్నీ అంది. ఆయన మాత్రం వినట్లేదు. వేళ్ళు మడుస్తున్నాడు. పది, ఇంకో ముప్ఫై. నలభై. "మెట్లెక్కడానికి ఎనిమిది, దిగడానికి అయిదు" అన్నాడు తనలో తాను. "ఇంకా ఇరవై ఏడు." ఇరవై ఏడేళ్ళుగా పది నిమిషాల్లోనే బతికిన మనిషికి నలభై ఉన్నాయంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాతి ట్రిప్పుకి నేనూ ఎక్కాను. నన్ను వద్దనేవాళ్ళెవరు! నూట ఇరవై కిలోమీటర్ల చదును నేల మీద ఆ లారీ ఎలా పోయిందో చెబితే కథలంటారు. కిటికీలోంచి చెయ్యి చాపి చూశాను, అరచెయ్యి పడుకోబెడితే చేపలా ఈదింది. పక్క తెరలు ఊగట్లేదు. టార్పాలిన్ ఉలకట్లేదు. సీసాలు మాత్రం వెనకెక్కడో ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నాయి. మేం పోతున్నట్టు లేదు, చెట్లూ స్తంభాలే మర్యాదగా పక్కకి జరిగి వెనక్కి నడుస్తున్నట్టుంది. బంకు దగ్గర లారీల వరస కనబడింది. ఆయన వాళ్ళకేసి చెయ్యూపాడు, పెళ్ళికొడుకులా. లోయ అవతల తిన్నటి రోడ్డు మీద అలవాటుకొద్దీ యాభైకి లాగాడు. చెవి రిక్కించాడు. ఏమీ వినపడలేదు.

ఆసుపత్రి మలుపులో ఆపి, వెనక సీసాల పెట్టెల మధ్యనుంచి ఒక మూట దించాడు. దుప్పట్లో చుట్టిన కిరీటం. నెత్తిమీద గుడ్డ చుట్ట పెట్టుకుని దాన్ని ఎత్తుకున్నాడు. మూరెడు మూరెడు అటూ ఇటూ పక్షుల తోకలు బయటికొచ్చాయి. నిజంగానే తలమీద కిరీటంతో మెట్లెక్కడం మొదలెట్టాడు. నేను వెనక, పది మెట్లకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ.

అక్క ఇస్త్రీబల్ల దగ్గర ఉంది. సన్నటి మనిషి, ముగ్గుబుట్ట లాంటి తల. గుమ్మంలో నీడ పడితే తలెత్తింది. ఇస్త్రీపెట్టె కోటు మీదే ఉండిపోయింది.

"ఒరేయ్, పైకెక్కావా!"

"ఎక్కానక్కా."

"టైమైపోతుందిరా! దిగు దిగు, నేనొస్తా పద!"

"అవదక్కా. నలభై నిమిషాలుంది."

"ఎవరిచ్చార్రా?"

ఆయన నాకేసి చూశాడు, నేను కోటుకేసి చూశాను. పొగ వస్తోంది. అక్క గబుక్కున పెట్టె లేపింది. జేబు దగ్గర గోధుమరంగు ముద్ర. "ఏ డాక్టరుదో" అంది. "పోన్లే, మా తమ్ముడు మెట్లెక్కాడని చెబుతా."

ఆయన ఇల్లంతా తిరిగాడు. రెండే గదులు, అయినా చాలాసేపు తిరిగాడు. బావ చేసిన కిటికీ రెక్కలు తీశాడు, వేశాడు. గోడకి తగిలించిన ఉలులు వరసగా ముట్టుకున్నాడు. అక్క వెంటే తిరుగుతూ అంది, "మొన్న దొంగలా వచ్చావేంట్రా? కూత లేదు, పాడు లేదు. ఆ గడ్డం కాంపౌండరు 'మీ తమ్ముడి లారీలా ఉందమ్మా, కానీ బట్టతలతో ఉంది' అంటే నమ్మలేదు."

"నన్నేమో అనుకున్నాడేమో" అన్నాడు తల తడుముకుంటూ. అక్క నవ్విన నవ్వుకి ఆసుపత్రి వాళ్ళు బోర్డు చూపించాలి నిజానికి.

కిరీటాన్ని ఏం చెయ్యాలన్నది పెద్ద చర్చేమీ కాలేదు. లోయవైపు కిటికీలో నిలబెట్టి తాడుతో కట్టారు. మేం టీ తాగుతుండగా లోయలోంచి గాలి లేచింది. ముందు సన్నటిది, తర్వాత లావుది. అదే కూనిరాగం. అక్క ఠక్కున లేచి ఫ్లాస్కు అందుకుంది. రెండడుగులు వేశాక తమ్ముడు ఎదురుగానే ఉన్నాడని గుర్తొచ్చి నిలబడిపోయింది. ఆయనా లేచే ఉన్నాడు, ఎందుకో. ఇద్దరూ కూత ఆగేదాకా అలాగే నిలబడ్డారు.

ఇది జరిగి ఏడాది దాటింది. లారీ అదే దారిలో తిరుగుతోంది. సూపర్వైజరు ఇంకో నాలుగు పాత లారీల వాళ్ళని మా వీధికి పంపించాడు, లంగాలు కుట్టించుకోమని. కుట్టుమిషనావిడకి బ్యాగులు కుట్టే తీరిక లేదు. మా ఊలు పెట్టె ఖాళీ అయిపోయింది. ఆయన్ని ఇంకా కిరీటం అనే పిలుస్తారు, మార్చడానికి ఎవరికీ ఓపిక లేదు.

అక్కయ్యకి మాత్రం కొత్త బాధ వచ్చిపడింది. గాలి వీచినప్పుడల్లా కిరీటం కూస్తుంది. అది గాలో, తమ్ముడో! గాలే అని తెలుసు. తెలిసీ ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగడం మొదలెడుతుంది. కొన్నిసార్లు పదో మెట్టు దగ్గర తెలివొచ్చి వెనక్కి తిరుగుతుంది. కొన్నిసార్లు కిందిదాకా వెళుతుంది. తీసెయ్యనా అని ఆయన అడిగాడట.

"నీకేం పనిరా, దాని జోలికి పోకు. నాకు మోకాళ్ళకి మంచిది" అందట.

మొన్న మళ్ళీ వెళ్ళాను ఆయనతో. లారీ ఆపి మెట్లెక్కడం మొదలుపెట్టేసరికి పైన కూత వినబడుతోంది. ఆవిడ అప్పటికే దిగుతోంది, ఫ్లాస్కుతో, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనిస్తూ. ఈయన ఎక్కుతున్నాడు. ఎక్కడ ఎదురైతే అక్కడే కూర్చోవడం ఇప్పుడు వాళ్ళ పద్ధతి. పైకి వెళ్ళేది ఒక్కోసారి, అదీ తీరిగ్గా. ఇద్దరూ ఒకే మెట్టు మీద సర్దుకున్నాక ఆయన లెక్కపెట్టాడు.

"ఇవాళ నలభై ఒకటో మెట్టక్కా."

"పోయినసారి ముప్ఫై మూడే" అంది ఆవిడ, మూతలో టీ వంచుతూ. "అప్పుడు గాలి తొందరపడింది. నువ్వే ఆలస్యం."